మూడు సెకన్ల నిబంధన

ప్రపంచంలో ఏ పనైనా సక్రమంగా జరగాలంటే ముందు దానికొక రిజిస్టరు ఉండాలి. పని సంగతి తరవాత చూసుకోవచ్చు. ముప్ఫై మూడేళ్లు ఇన్‌వార్డు, అవుట్‌వార్డు సెక్షను చూసి రిటైరైన ఇంటాయన ఈ సత్యాన్ని భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు. అందుకే జంతువుల శరణాలయం నుంచి ఆరేళ్ల చిన్న కుక్క వచ్చిన రోజున, అది గడప దాటకముందే దాని పేరిట ఒక రిజిస్టరు గడప దాటింది. అందులో ఇన్‌వార్డు గడిలో తిన్నది రాయాలి. అవుట్‌వార్డు సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

కుక్క పేరు బఠాణీ. పాత యజమానులు ఇల్లు మారుతూ ఫ్రిజ్జును తీసుకెళ్లి దీన్ని వదిలేశారు (ఫ్రిజ్జుకు వారంటీ మిగిలుందట). శరణాలయం వాళ్లు పద్నాలుగు రోజుల గడువిచ్చారు. ఆఖరి రోజున కుదురుబాటు పరిశీలకురాలు అనే అధికారి వస్తుంది. ఆవిడ ఉండగా ఇంట్లో తడి కనిపిస్తే కుక్క మళ్లీ బోనులోకే. ఆ బోనును ఇల్లాలు చూసింది. ఎవరొచ్చినా తన కోసం కాదులే అని తేల్చేసుకుని గోడవైపు తిరిగి పడుకున్న ఆ వీపును చూసే, వద్దన్న మొగుణ్ణి ఒప్పించి దీన్ని తెచ్చింది.

శరణాలయం ఇచ్చిన కాగితంలో ముఖ్యమైన నియమం ఒక్కటే. కుక్క బయట పని ముగించిన మూడు సెకన్లలోగా మెచ్చుకుని బిస్కెట్టు ముక్క పెట్టాలి.

"మెచ్చుకోవాలంటే? ఎవరు పడితే వాళ్లు, ఎలా పడితే అలా మెచ్చుకోవడమేనా?" అన్నాడు ఇంటాయన, కళ్లజోడు సవరించుకుని.

ఆ సాయంత్రమే విధివిధానాలు ఖరారయ్యాయి. వాకిట్లో జరిగిన పనిని ఆయన స్వయంగా చూస్తాడు. లోపలికొచ్చి టైముతో సహా రిజిస్టరులో రాస్తాడు. ఎంట్రీ పడ్డాక వంటింట్లోంచి ఇల్లాలు బిస్కెట్టు విడుదల చేస్తుంది.

"మూడు సెకన్లన్నారండీ," అంది ఇల్లాలు.

"గడువు లెక్క ఎంట్రీ పడ్డ క్షణం నుంచేనోయ్. ఎక్కడైనా అంతే."

ఎంట్రీ పడటానికి సగటున నాలుగు నిమిషాలు పట్టేది. (ఆఫీసులో ఇంత పనికి నాలుగు నెలలు పట్టేదని ఆయన గర్వంగా చెప్పుకున్నాడు.) ఆ నాలుగు నిమిషాలూ బఠాణీ హాల్లో నేలమీద పరిచిన నీలం పట్టా మీద నిలబడి ఎదురుచూసేది. బిస్కెట్టు అక్కడికే వచ్చేది. వారం తిరిగేసరికి దానికి వ్యవస్థ పూర్తిగా బోధపడింది. ఈ ఇంట్లో ప్రతిఫలం పట్టా మీద లభించును. వాకిలి దాకా నడక ఒట్టి లాంఛనం.

ఎనిమిదో రోజున అది వాకిట్లో మొక్కలన్నీ మర్యాదగా వాసన చూసి, లోపలికొచ్చి, నీలం పట్టాకి సరిగ్గా నడుమన పని ముగించి, తోక ఊపుతూ వంటింటివైపు చూసింది.

"మొద్దు కుక్క," అన్నాడాయన.

"మొద్దేమిటండీ. మీ సెక్షన్లో ఎవరైనా వారంలో ఇంత నేర్చుకున్నారా?"

ఆయన రిజిస్టరు తీసి 'పట్టా' అని కొత్త గడి గీశాడు (నివారించడం కంటే నమోదు చేయడం సుళువు). పదో రోజుకి ఆ గడి నిండుగా కళకళలాడుతోంది. గడువు నాలుగు రోజులే మిగిలింది. ఇల్లాలు పట్టా ఉతికి అటక మీదికెక్కించి, బిస్కెట్లు ముక్కలు చేసి, పడక్కుర్చీలో ఉన్న భర్త చొక్కాజేబులో పోసింది.

"ఏవిటిది?"

"అధికార వికేంద్రీకరణ. పనవ్వగానే అక్కడికక్కడే భేష్ అనండి, ఒకటి పెట్టండి. రాసుకోవడం తరవాత."

"రాయకుండా ఇచ్చేస్తే రేపెవరైనా అడిగితే?"

"బఠాణీ అడగదు లెండి."

మర్నాడు పొద్దున వాకిట్లోంచి "భేష్" అని వినిపించింది. ఇల్లాలు స్టవ్వు తగ్గించి ఒక్క నిమిషం నిలబడిపోయింది. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయినా, ఆ మాట ఆ గొంతులో ఎలా ఉంటుందో ఆవిడకు అప్పుడే తెలిసింది.

పద్నాలుగో రోజున పరిశీలకురాలు నలభై ఒక్క ప్రశ్నల ఫారంతో వచ్చింది. ఇంటాయన ముఖం వెలిగిపోయింది. ఇరవై ఏడో ప్రశ్న (కుక్క అభిప్రాయాలు కుటుంబ సభ్యులకు తెలియుచున్నవా?) దగ్గర ఆయన దీర్ఘమైన వాక్యమొకటి రాస్తుండగా బఠాణీ లేచింది. నీలం పట్టా ఉండే చోటికి వెళ్లింది. అక్కడ నేలను వాసన చూసి, గుండ్రంగా ఒకసారి తిరిగింది. మంచినీళ్ల గ్లాసుతో ఇల్లాలు నిలబడ్డచోటే నిలబడిపోయింది. బఠాణీ ఇంకోసారి తిరిగి, ఆలోచించి, తలుపు దగ్గరికి పోయి సన్నగా కుయ్యిమంది.

ఇంటాయన తన జన్మలో ఏ ఫారమూ సగంలో వదలలేదు. (కూతురు పుట్టిందని ఆసుపత్రి నుంచి కబురొస్తే, చేతిలో ఉన్నది నింపి, సంతకం పెట్టి, అప్పుడు బయల్దేరాడు.) ఈసారి మాత్రం పెన్నుకు మూత కూడా పెట్టకుండా లేచాడు. తలుపు తెరుచుకుంది. కాసేపటికి వాకిట్లోంచి "భేష్" వినిపించింది.

తిరిగొచ్చేసరికి పరిశీలకురాలు ఫారం మీద ముద్ర కొట్టేస్తోంది.

"ఇంకా పద్నాలుగు ప్రశ్నలున్నాయి కదమ్మా," అన్నాడాయన, గొంతులో బాధతో.

"అక్కర్లేదండీ. కుక్కలెప్పుడూ చెబుతూనే ఉంటాయి. లేవాల్సినవాళ్లే లేవరు. మీరు లేచారు, చాలు," అని ఆవిడ వెళ్లిపోయింది. బఠాణీ సోఫా కింద వెల్లకిలా పడి నిద్రపోయింది, గోడవైపు తిరక్కుండా.

మధ్యాహ్నం ఇల్లాలు భోజనం వడ్డించింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "భేష్" అన్నాడు. ఎడమచెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి, ఒక ముక్క తీసి ఆవిడ ముందు పెట్టింది. ఇద్దరూ దానివంక చూశారు. సోఫా కింద నిద్రపోతున్న బఠాణీ కూడా ఒక కన్ను తెరిచి చూసింది.

ఇల్లాలు గోడగడియారం చూసింది. సరిగ్గా మూడు సెకన్లు. నియమం అమలైనట్టే (అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు లెక్కలోకి రావు, గడువు ఎంట్రీ పడ్డ క్షణం నుంచే).