కానిస్టేబులు పాదం

మా అమ్మాయి అరికాలిలో వంపు ఉందో లేదో ఈ ప్రభుత్వానికి తెలియదు. ఇది ఫిర్యాదు కాదు, రుజువైన సంగతి. మనిషి పాదం మనిషిది కాదు. డాక్టరు గదిలో ఏ సామాను ఉంటే దానిది.

2003లో మా ఆదిలక్ష్మి కానిస్టేబులు పరుగుపందెం నెగ్గింది. (ఆ పాదాలతోనే నెగ్గింది. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదు.) మిగిలింది పాదపరీక్ష. వంపు ఉంటే ఉద్యోగం, లేకుంటే ఇల్లు.

మదనపల్లె డాక్టరు దగ్గర స్టూలుంది. కూర్చోబెట్టి కాలు ఎత్తి చూసి, "వంపు బాగుండాదమ్మా" అన్నాడు. పోలీసుశాఖ వారి పాదనిర్ధారణ మండలికి అంత తొందరగా నమ్మకం కుదరదు. పుంగనూరు పంపింది. అక్కడ స్టూలు మీద ఫ్యాను పెట్టుకున్నారు. కనుక నిలబెట్టారు. ఒంటి బరువు పడగానే వంపు నేలకు అణిగింది.

"పలక మాదిరి ఉండాది. కుదరదు" అన్నాడు అక్కడి డాక్టరు.

"మదనపల్లెలో ఉన్నింది గదా సార్?" అన్నాను.

"ఆడ కూసోబెట్టి సూసినారు, ఈడ నిలబెట్టినాం. నన్ను యాల అడుగుతావప్పా, కాలినే అడుగు."

మా ఆవిడ బతికి ఉంటే ఆయనను కూడా నిలబెట్టి చూసేది. లేదు.

ఇద్దరు డాక్టర్లూ చెప్పింది నిజమే కావడంతో మండలికి దిక్కు తోచలేదు. కుప్పం పంపింది. అక్కడ ఉన్నది బల్ల. డాక్టరు నారాయణప్ప పడుకోమన్నాడు. మా అమ్మాయి ఊరుకోలేదు.

"కానిస్టేబుళ్లు పనుకుని డ్యూటీ చేస్తారా సార్?"

"రాత్రిపూట ఠాణా పక్క పోయి సూడమ్మా" అంటూ ఆయన అరికాలు నొక్కి చూశాడు. పడుకున్న పాదానికి మోయాల్సిన బరువేముంది? వంపు హాయిగా లేచి నిలబడింది.

మండలి సమావేశమై ఓట్లు లెక్కపెట్టింది. కూర్చున్న పాదం, పడుకున్న పాదం ఒక పక్షం. నిలబడ్డ పాదం ఒంటరిది. అల్పసంఖ్యాక అభిప్రాయంగా దాన్ని కొట్టేశారు. (నిలబడి ఉన్న కాలానికి సదరు పాదం బాధ్యత మండలిది కాదని కింద ఒక వాక్యం చేర్చారు.) ఆదిలక్ష్మికి ఉద్యోగం వచ్చింది. ఊరంతా మైసూరుపాకు పంచాను. అంత సంతోషం నాకు చాలా ఏళ్లుగా లేదు.

డ్యూటీ పలమనేరు బస్టాండు దగ్గర వేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడాలి. మొదటి వారానికే కాళ్లు వాచాయి. డిపార్టుమెంటు డాక్టరుకు చూపించాం. కూర్చోబెట్టి చూసి, కాళ్లలో ఏ లోపమూ లేదన్నాడు.

నిలబెట్టి చూడమంటే ఉద్యోగమే పోతుంది. కనుక ఈ విషయం ఇక నా నోట రాదు.