గోడౌన్ బొమ్మలో ఇల్లు కొనండి!

ఇల్లు కొందామనుకుంటున్నారా? గోడౌన్ పక్కన కొనకండి, గోడౌన్ డ్రాయింగ్‌లో కొనుక్కోండి! అక్కడ ట్రక్కు చప్పుడు చేయదు, చెట్టు ఆకు రాల్చదు. నడివేసవి టెక్సాస్ ఎండలో కూడా ఒకమ్మాయి కుక్కను పట్టుకుని నవ్వుతూ నడుస్తుంటుంది. స్వర్గమంటే ఇంకెలా ఉంటుందండీ?

ఆ స్వర్గాన్ని గీసే బ్రహ్మల్లో మన శశికాంత్ ఒకడు. ప్లేనోలో ఆర్కిటెక్ట్. ఊరు ఉత్తరానికి పరుగెడుతుంటే గోడౌన్లు గీస్తూ దాని వెనకే పరుగెడుతుంటాడు. క్లయింట్లు స్థలం ఎక్కడో చెప్పరు, ‘ప్రాజెక్ట్ బ్లూబర్డ్’ అని ముద్దుపేరు పెడతారు. ఇతనూ అడగడు. గోడ గీసి, దాని ముందు చెట్లు నాటేస్తాడు. చుట్టుపక్కల ఇళ్ళు కంటికి అడ్డొస్తే, ఎవరివని చూడకుండా వాటి మీద కూడా చెట్లే!

సొంతిల్లు మాత్రం అంత తేలిగ్గా కొనలేదు. భార్య పద్మజ ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని ఊరంతా తిరిగింది. తూర్పున రోడ్డు దాటితే ఖాళీ పొలమే అని మురిసిపోయి ఈ ఇల్లు కొనిపించింది. వాస్తు అణువణువూ చూశారు. ఆ పొలంలో రేపు ఏం కట్టుకోనిస్తారో చెప్పే జోనింగ్ మాత్రం ఇద్దరూ చూడలేదు! పొద్దున్నే ఆ పొలం మీదుగా వచ్చే ఎండలో కూర్చుని కాఫీ తాగకపోతే ఆవిడకు తెల్లారినట్టే ఉండదు.

ఈమధ్య ఆ పొలంలో గోడౌన్ కడతామంటే, జనం అభ్యంతరాలు వినడానికి సిటీ హాల్‌లో హియరింగ్ పెట్టారు. శశికాంత్‌కి డెడ్‌లైన్ ఉండి వెళ్ళలేదు. పద్మజ వెళ్ళింది, ససేమిరా వద్దని చెప్పడానికే వెళ్ళింది. తీరా తెర మీద బొమ్మ పడేసరికి మెత్తబడిపోయింది. ఎంత పచ్చదనం! పోట్లాడటానికొచ్చిన వీధివాళ్ళకు కూడా తనే నచ్చజెప్పి కూర్చోబెట్టింది. పర్మిషన్ వచ్చేసింది.

ఇంటికొచ్చి ఆ బొమ్మను ఫోన్‌లో చూపిస్తే శశికాంత్ గతుక్కుమన్నాడు. తన బ్లూబర్డే!

“ఇందులో మన ఇల్లేదండీ?” అంది పద్మజ.

“ఆ పెద్ద చెట్టు కింద ఉంది.”

“ఆ చెట్టు ఎప్పుడు నాటతారు?”

“నాటరు. బొమ్మ కోసం పెట్టాను.”

 

గోడ లేచింది. ఆ ఇంటికి ఇప్పుడు ఎండ తీరిగ్గా, ఆఫీసులు మొదలయ్యాక వస్తోంది. ఊళ్ళో ఏ గోడౌన్‌కి హియరింగ్ జరిగినా పద్మజ ముందు వరసలో కూర్చుంటోంది. ట్రక్కుల గురించి అడగదు, చెట్ల గురించీ అడగదు. మైకు అందుకుని ఒక్క మాటే అంటుంది.

“ఈ బొమ్మ గీసినాయన ఇల్లెక్కడండీ?”