మూడు భవనాల మ్యాపు

కొత్త కంప్యూటర్ల పద్ధతి వచ్చాక, పుట్టినవాణ్ణి పట్టుకుని నువ్వు పుట్టలేదు పొమ్మనే హక్కు ప్రభుత్వానికి కూడా ఉండదట. ఎదురింటి కుట్టుమిషనావిడ, మంత్రిగారి డ్రైవరు నోట విన్నానంటూ చెప్పిన మాట ఇది. విన్నది ఇంజనీరమ్మ. ఆ కంప్యూటర్లను చూసుకునేది తనే.

మర్నాడు పేపర్లోనూ అదే. జనన మరణాల రికార్డుల్లో ఏది ఏ డిస్కులో ఉండాలో తేల్చే పాత అల్గారిథాన్ని తీసేసి మంత్రిగారు కొత్తది తెస్తున్నారు. ప్రతి రికార్డుకూ మూడు కాపీలు, ఒక్కోటి ఒక్కో భవనంలో. ఒకటి తగలబడినా రెండు మిగులుతాయి. ఇంతటి దూరదృష్టి కళ్లజోడు పెట్టుకునేవారికి ఉండటం విశేషం.

అల్గారిథానికి కావలసిందల్లా డిస్కులుండే ర్యాకుల్లో ఏది ఏ భవనంలో ఉందో చెప్పే మ్యాపు. అది రాసి ఇంజనీరమ్మ సంతకం పెట్టాలి. వెళ్లి చూసింది. తూర్పు తలుపు ఒకటో కేంద్రం, ఉత్తరం తలుపు రెండోది, వెనక తలుపు మూడోది. మూడు శిలాఫలకాలు, మూడుసార్లు రిబ్బను. లోపల హాలు మాత్రం ఒకటే.

"ఇక్కడ నిప్పంటుకుంటే మూడు కాపీలూ ఒకేసారి బూడిద సార్," అంది డైరెక్టరుతో. "నా ఇద్దరు పిల్లల పుట్టుకా ఇందులోనే ఉంది."

"మీ పిల్లలు మీకు గుర్తుంటారు కదమ్మా. ఫలకాల మీద ఉన్నట్టే రాసెయ్యండి."

"రెండు వరసల ర్యాకులు వేరే రెండు భవనాలకు మార్చేద్దాం సార్. వారం పని."

"మారిస్తే వాటికీ ప్రారంభోత్సవం చెయ్యాలి. అప్పుడు ఐదు కేంద్రాలవుతాయి. ఐదు కాపీలు ఎక్కణ్ణుంచి తెస్తారు?"



మంత్రిగారు విలేకరులతో తనిఖీకి వచ్చారు. తూర్పు తలుపులోంచి చూసి, కారెక్కి, నాలుగు వీధులు చుట్టి ఉత్తరం తలుపు దగ్గర దిగారు. మళ్లీ కారెక్కి వెనక తలుపు దగ్గర దిగారు.

"మూడుచోట్లా ఒకే ప్రమాణం పాటించారు," అని మెచ్చుకున్నారు.

డైరెక్టరు మ్యాపూ పెన్నూ ఇంజనీరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టింది.

"మూడు కేంద్రాల్లోనూ రోజూ తిరిగే మనిషి ఈవిడ సార్," అంటూ తలుపు పక్కన చీపురుతో ఉన్న ఊడ్చే ఆవిణ్ణి ముందుకు పిలిచింది. "సాక్షి సంతకం ఈవిడది కూడా ఉంటే బాగుంటుంది."

సామాన్యుల భాగస్వామ్యమంటే మంత్రిగారికి ప్రాణం. కెమెరాలు తిరిగేదాకా ఆగి, ఆవిడ భుజం తట్టారు.

"మూడు భవనాలూ ఒక్కదానివే ఊడుస్తున్నావా తల్లీ? ఎంత శ్రమ."

ఆవిడ చీపురు గోడకు ఆనించింది.

"శ్రమేముందయ్యా. ఒకసారి ఊడిస్తే మూడూ అయిపోతాయి."