మూడుచోట్లా భద్రం

బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఆయనకి ఆ శనివారం ఉదయం ఉన్న పని ఒక్కటే. ఇంటి కంప్యూటర్‌కి రెయిడ్ పెట్టించాలా వద్దా అన్నది కాఫీ చల్లారేలోపు తేల్చెయ్యాలి. రెయిడ్ పెడితే ఒక డిస్కులో రాసిందల్లా పక్కనున్న రెండో డిస్కులోనూ పడుతుంది, ఒకటి చచ్చినా రెండోది బతికి ఉంటుంది. అయిదు వారాలుగా ఆయన దీని మీదే తర్జనభర్జన పడుతున్నాడు. కాఫీలు చల్లారాయి గానీ విషయం తేలలేదు.

ఆయన భార్య నర్సింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది. పదకొండు నెలలు కూర్చుని, గాయాలకు కట్లు కట్టడం మీద మూడువందల పేజీల పాఠ్యపుస్తకం రాసింది. అది ఆ కంప్యూటర్లోనే ఉంది. నాలుగింటికల్లా పంపకపోతే ఆ పని ఇంకొకరికి అప్పగిస్తానని ప్రచురణకర్త ముందే చెప్పేశాడు.

"రేపు పెట్టించుకోండి. ఇవాళ నా పుస్తకం వెళ్ళాలి" అంది.

"డిస్కు ఇవాళే పోతే?" అన్నాడాయన. ఇరవై ఏళ్ళుగా ఎవరిళ్ళల్లో ఏం కాలిపోయిందో, ఏం మునిగిపోయిందో చదువుతున్న మనిషి.

అప్పుడే వచ్చిన ఆమె తమ్ముడు గంభీరంగా తలూపాడు. అతను కంప్యూటర్ల దుకాణంలో కీబోర్డులూ వైర్లూ అమ్ముతాడు. బంధువుల్లో మాత్రం అతనికి కంప్యూటర్లో తెలియనిది లేదని పేరు. ఆ పేరు చెడగొట్టుకునే మాట అతను ఇంతవరకూ అనలేదు.

"రెయిడ్ పెట్టడం నీకు వచ్చా?" అడిగాడు బీమా ఆయన.

"కళ్ళు మూసుకుని పెట్టేస్తాను బావా. కాకపోతే ముందు డిస్కుల్లో ఉన్నదంతా తుడిచెయ్యాలి. అక్క పుస్తకం ఎక్కడైనా కాపీ చేసి పెట్టండి."

ఎక్కడైనా అన్న మాట బీమా ఆయనకి నచ్చలేదు. మూడుచోట్ల పెట్టించాడు: భార్య పెన్‌డ్రైవులో, తన ఆఫీసు లాప్‌టాపులో, బావమరిది ఫోనులో. అప్పటికి గానీ ఆయన మనసు కుదుటపడలేదు.

పదిన్నరకి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. లాప్‌టాపులన్నీ తనిఖీ చేస్తున్నారట, సొంత ఫైళ్ళు ఉండకూడదట. మిగతా ఇద్దరి దగ్గరా ఉంది కదా అని ఆయన పుస్తకం తీసేశాడు. పదకొండింటికి బావమరిది ఫోనులో చోటు చాలలేదు. బావ దగ్గర ఎటూ ఉంటుందని అతనూ తీసేశాడు. పన్నెండింటికి గదిలోంచి తల బయటపెట్టి, "అక్కా, ఖాళీ పెన్‌డ్రైవు ఏమైనా ఉందా?" అన్నాడు. ఇద్దరు మగవాళ్ళు దాచినదాన్ని తను కూడా దాచడం దేనికని ఆమె తనది ఖాళీ చేసి ఇచ్చింది.

ఒంటిగంటకి అతను చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. "అయిపోయింది. ఓ గంట దాన్ని ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు.

రెండింటికి ఆమె, చివరిసారి చూసుకుంటాను, పుస్తకం ఇమ్మంది.

"మీ తమ్ముడి ఫోనులో ఉంది" అన్నాడు భర్త.

"బావ లాప్‌టాపులో ఉంది" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆమెవైపు తిరిగారు.

"ఖాళీది కావాలన్నావుగా, అందులోది తీసేసి ఇచ్చాను" అంది.

"ఉంటే ఇమ్మన్నాను గానీ తీసెయ్యమనలేదు అక్కా."

మూడున్నర దాకా ఫోనూ లాప్‌టాపూ జల్లెడ పట్టారు. ఏమీ దొరకలేదు. కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా రాసిన పేజీలు ఆమెకి గుర్తొచ్చాయి. "నష్టం సుమారు ఎన్నింటికి జరిగింది?" అని అడిగాడు భర్త. ఆఫీసు అలవాటు. ఆమె ఫోను తీసి ప్రచురణకర్త నంబరు నొక్కింది.

"ఏమని చెప్తావు?"

"పుస్తకం లేదని చెప్తాను. ఇంకేముంది చెప్పడానికి?"

అవతల రెండుసార్లు మోగింది.

"అక్కా, ఫోను పెట్టెయ్" అన్నాడు తమ్ముడు. "పుస్తకం కంప్యూటర్లోనే ఉంది. నేనేమీ చెయ్యలేదు."

ఆమె ఫోను పెట్టేసింది. అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు. "ఉన్నదంతా పోతుంది, సరేనా అని కంప్యూటర్ అడిగింది. సరేనని నొక్కడానికి చెయ్యి రాలేదు. వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే అడిగింది. ఆపేశాను."

"మరి అయిపోయిందన్నావు?" అన్నాడు బీమా ఆయన.

"మీరు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు బావా."

మూడూ నలభై అయిదుకి పుస్తకం వెళ్ళిపోయింది. ఆమె లేచి తమ్ముడి వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

బీమా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ రెయిడ్ పెట్టించమంటావా, వద్దంటావా?"

"పెట్టించండి" అందామె. "మా తమ్ముడి చేతే పెట్టించండి."