మంత్రిగారు తాగిన గ్లాసు నీళ్ళు

దేవుడున్నాడా లేడా అన్న సంగతి శనివారం సాయంత్రం టీ టైముకల్లా తేల్చిపారేస్తామని మంచినీళ్ళ శాఖ మంత్రిగారు ప్రకటించారు. యుగాలుగా పెండింగులో పడి ఉన్న ఫైలును ఒక్క పూటలో క్లోజ్ చేయాలంటే ఎంత గుండె ఉండాలి! టౌన్‌హాల్లో మైకుసెట్టు నాదే కాబట్టి ఆ చరిత్రంతా నా కళ్ళముందే జరిగింది.

వేసవి మొదలైనప్పటి నుంచి మా వీధి కొళాయికి చుక్క నీరు రావడం లేదని ఆడవాళ్ళు ఆయన కారుకు అడ్డం పడ్డ మర్నాడే ఈ ప్రకటన వచ్చిందని గిట్టనివాళ్ళు చెవులు కొరుక్కున్నారు. పెద్ద మనసుకు చిన్న విషయాలు ఆనవు, అంతే. మా ఆవిడకిది అర్థం కాదు.

"చంటిదానికి ఒళ్ళు తుడుద్దామన్నా నీళ్ళు లేవు. కొళాయి సంగతి తేల్చకపోతే ఇంటికి రావద్దు, ఆ మైకు పక్కనే పడుకోండి" అంది. నేను మంత్రిగారిని అడగడమా! మైకు సర్దుకుంటూ కూర్చున్నాను.

దేవుడున్నాడనే పక్షాన రిటైరైన జడ్జిగారు, లేడనే పక్షాన ఫిజిక్సు లెక్చరరుగారు స్టేజీ ఎక్కారు.

"ఉన్నాడన్నవాళ్ళే రుజువు చూపించాలి" అన్నారు లెక్చరరుగారు.

"లేడన్నవాళ్ళే చూపించాలి" అన్నారు జడ్జిగారు.

మంత్రిగారు చెయ్యెత్తారు. "ఏదైనా సరే, ఉందన్నవాళ్ళే చూపించాలి. ఇది న్యాయం, ఇది సైన్సు. ఇవాళ్టి నుంచి ఇదే గవర్నమెంటు పాలసీ!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. జడ్జిగారు ముఖం వేలాడేశారు.

అంతలో వెనక వరసలోంచి మా ఆవిడ లేచింది. చంకలో బిందె.

"అన్నయ్యా, మా కొళాయిలో నీళ్ళున్నాయా?"

"ఎందుకు లేవు చెల్లెమ్మా? పుష్కలంగా ఉన్నాయి."

"అయితే చూపించండి. ఉందన్నవాళ్ళే చూపించాలన్నారుగా."

నా మైకు కుయ్యిమంది. పీఏ వంగి మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు. ఎంతటి పాలసీనైనా అక్కడికక్కడే సవరించగల చురుకుదనం ఈ రోజుల్లో ఎవరికుంది?

"సవరణ! లేదన్నవాళ్ళే రుజువు చూపించాలి."

జడ్జిగారు లేచి తన కండువా తనే సర్దుకుని కూర్చున్నారు.

"అదేంటి సార్, ఇందాకే కదా..." అన్నారు లెక్చరరుగారు.

"మాస్టారూ, మీ కాలేజీ మా నియోజకవర్గంలోనే కదూ?"

ఆ కాలేజీ ఉందనడానికి లెక్చరరుగారు ఏ రుజువూ అడగలేదు. ఎదురుగా ఉన్న మంత్రిగారి వాటర్‌బాటిల్ ఎత్తి, ఖాళీ అయ్యేదాకా తాగి కూర్చున్నారు.

మా ఆవిడ బిందె తలకిందులు చేసింది. "ఇదిగో రుజువు."

"కనబడనంత మాత్రాన లేవంటే ఎలాగమ్మా? పైపు నిండా ఉన్నాయి. నీ బిందె నిండా ఉన్నాయి. లేనిదల్లా నీకు నమ్మకమే!"

ఎంత మాట! జడ్జిగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఊపులో మంత్రిగారు నమ్మకం గురించి చాలాసేపు మాట్లాడారు. చివరికి గొంతు ఆరిపోయి మాట బొంగురుపోయింది. పీఏ బాటిల్ ఎత్తి చూసి, మెల్లగా దించేశాడు.

మా ఆవిడ స్టేజీ ఎక్కింది. బల్లమీద గ్లాసు తీసుకుని, బిందె ఒంచి, అంచుదాకా నింపింది. రెండు చేతులతో అందించింది.

"తీసుకో అన్నయ్యా, జాగ్రత్త. ఒలికిపోతాయి."

విలేకరుల కెమెరాలన్నీ ముందుకొచ్చాయి. మంత్రిగారు గ్లాసు వైపు చూశారు, కెమెరాల వైపు చూశారు. మాటమీద నిలబడే మనిషని ఊరికే అంటారా? గ్లాసెత్తి గటగటా తాగేశారు.

"అబ్బ! ఎంత చల్లగా ఉన్నాయి!"

"కొంచెం ఉప్పదనం ఉంది సార్, అయినా మంచివే" అన్నాడు పీఏ, తనూ ఒక గ్లాసు పట్టించి.

మంత్రిగారు ఇంకో గుక్క వేశారు. ఆ గుక్కకే పొలమారింది. ముఖం ఎర్రబడింది, కళ్ళు తేలేశారు. ఆ దగ్గు నా మైకులోంచి హాలంతా మోగింది.

మా ఆవిడ ఆయన మాడు మీద మెల్లగా తట్టింది.

"నిదానంగా తాగన్నయ్యా. మా వీధంతా నిన్నే తలుచుకుంటున్నట్టుంది."