కృపమ్మ చెప్పిన సాక్ష్యం

ఒక పెద్ద అడవిలో, ఏటిగట్టున, ఆకులు కప్పిన మందిరం ఒకటి ఉండేది. ఎలుగుబంటి అయ్యగారు వాక్యం చెప్పేవారు. కుందేలు కృపమ్మ ఊడ్చేది, చాపలు పరిచేది, వెనక వరసలో కూర్చుని పాటల్లో గొంతు కలిపేది. బుద్ధెరిగాక ఒక్క తప్పు చేసి ఎరగదు. ఆవిడకొచ్చిన కష్టమల్లా అదే.

మందిరం వెనక ఒక రాతిగుహ ఉంది. ఎంత వానకీ చుక్క కారదు. ఏటా తొలకరికి ముందు, సంఘాన్ని బాగా ఏడిపించిన సాక్ష్యం ఎవరిదైతే, వానాకాలమంతా ఆ గుహ వాళ్ళది. పోయినేడు కృపమ్మ బొరియలోకి ఏరొచ్చి ఇద్దరు పిల్లలు కొట్టుకుపోయారు. ఈ యేడు మళ్ళీ నలుగురు, పాలు మరవనివాళ్ళు.

గుహేమో మూడేళ్ళుగా తోడేలు సాత్వికానిదే. సాత్వికమన్నది రక్షణ పొందాక పెట్టుకున్న పేరు.

"ప్రియులారా, ఈ నోటితోనే నూట పన్నెండు జింకపిల్లల్ని తిన్నాను!" అనేవాడు వెదురుగొట్టం మైకులో. "లేత తొడలు! అబ్బ, ఎంత మెత్తన!" అని కళ్ళు మూసుకునేవాడు. సంఘం "స్తోత్రం" అని వెక్కివెక్కి ఏడ్చేది.

"అయ్యగారూ, నాకూ ఒక్కసారి మైకు ఇప్పించండి" అంది కృపమ్మ.

"నీకేం సాక్ష్యముంది తల్లీ? గడ్డి తిన్నావు, పడుకున్నావు. దానికెవరేడుస్తారు?"

దాంతో కృపమ్మకి అర్జెంటుగా ఒక పాపం కావలసి వచ్చింది. వారమంతా వెతుక్కుంది. ఆదివారం మైకు పట్టుకుని, "ఒకప్పుడు నేను... గుడ్లు దొంగిలించి తాగేదాన్నండీ" అంది.

సంఘం గుండెలు బాదుకుంది. అయ్యగారు కళ్ళొత్తుకున్నారు. గుహ ఇక చేతికందినట్టే.

అంతలో అడవికోడి ఎస్తేరమ్మ రెక్కలు విదిలించి లేచింది.

"ఓసి నీ నోట మన్ను పడ! నా తొమ్మిది గుడ్లూ మింగింది నువ్వటే?"

"అయ్యో, కాదు వదినా! కుందేళ్ళు గుడ్లు తింటాయా ఎక్కడైనా? పిల్లల కోసం కల్పించి చెప్పాను."

"మందిరంలో అబద్ధమా!" అని సంఘమంతా లేచింది.

అయ్యగారు గడ్డం నిమురుకున్నారు. "నిజమైతే దొంగవు. కాకపోతే అబద్ధికురాలివి. ఎటు చూసినా వెలి తప్పదమ్మా."

"మరి ఆయన నూట పన్నెండుమందిని తిన్నాడు కదండీ?"

"వాళ్ళలో ఒక్కరైనా వచ్చి ఫిర్యాదు చేశారా?"

కృపమ్మ ఆలోచించింది. నిజమే, ఒక్కరూ రాలేదు.

బయట చినుకులు మొదలయ్యాయి. సాత్వికం కరిగిపోయాడు. "చెల్లెమ్మా, పిల్లల్ని నా గుహలో వదులు. తడవకుండా నేను చూసుకుంటాను."

"తడిసినవాళ్ళు ఎండకి ఆరతారులే అన్నయ్యా" అని కృపమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని గుట్టెక్కింది.

ఎస్తేరమ్మ మూతి తిప్పింది. "చూశారా, మారినవాణ్ణి నమ్మదు! ఇదేం విశ్వాసం?" అని తన ఆరుగురు పిల్లల్నీ వెంటేసుకుని తనే గుహలోకి నడిచింది.

పై ఆదివారం కృపమ్మ గుట్టమీద ముళ్ళపొదలో పిల్లల్ని పొట్టకింద పొదువుకుని కూర్చుంది. కింద మందిరంలోంచి సాత్వికం గొంతు వినిపించింది.

"ప్రియులారా, ఈ వారం మళ్ళీ పడిపోయాను! ఏడుసార్లు పడ్డాను, ఏడుసార్లూ ప్రభువు లేపాడు!"

"స్తోత్రం! స్తోత్రం!" అంటూ సంఘం గొల్లుమంది. ఆ గొంతుల్లో ఎస్తేరమ్మ గొంతు లేదు.

నీతి: పాపం చేస్తే అడిగేవాళ్ళు మిగలకుండా చెయ్యాలి నాయనా, ఒక్కరు మిగిలినా అది నేరం, ఎవరూ మిగలకపోతే సాక్ష్యం.