పన్నెండో నంబరు బూట్లు

ముప్ఫై ఏళ్ళు తాళాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి ఇంటి గేటుకి గొళ్ళెం పడదంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మాలి. మన తాళాలాయన గేటు ఆరేళ్ళుగా మోకాలితో ఒక్క తోపు తోస్తే తెరుచుకుంటోంది. ఆయనకి అదో గొప్ప సుఖం. రెండు చేతుల్లో సంచులున్నా మోకాలు ఖాళీయే కదా!

పాలవాడికీ మోకాలుంది, పేపరువాడికీ ఉంది. ఆ మాటకొస్తే దొంగకీ ఉంది. ఆ సంగతొక్కటే ఆయన బుర్రకి తట్టలేదు.

మేడమీద ముగ్గురాడపిల్లలు అద్దెకుంటారు. యూనివర్సిటీ హాస్టల్లో చోటు దొరక్క వచ్చినవాళ్ళు. ఒకతెది లా, ఒకతెది కరెంటు చదువు, ఒకతెది మొక్కల చదువు. పోయినవారం పట్టపగలు ఎవడో గేటు తోసుకుని, మెట్లెక్కి, వాళ్ళ గుమ్మం దాకా వచ్చేశాడు. మొక్కల పిల్ల పూలకుండీ ఎత్తి "నెత్తిమీదేస్తా!" అని అరిస్తే దిగి పారిపోయాడు. పాపం, ఆ పిల్ల సాయంత్రం దాకా ఆ కుండీ కింద పెట్టలేదు.

మర్నాడే యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. శుక్రవారం పొద్దున వసతులు చూసే ఆఫీసరమ్మ వస్తుందట. ఇల్లు భద్రంగా లేకపోతే జాబితాలో పేరు కొట్టేస్తుందట. పిల్లలు ఖాళీ చేసి పోవాలట.

ఇల్లాలు మొగుడి ముందుకొచ్చి నిలబడింది. "ఏవండీ, ఆ పిల్లలు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడాలి?"

"నేను లేనటే?"

"మీకంటే గోడ నయం. అడ్డం మాట్లాడదు. గేటుకి గొళ్ళెం బిగించండి, మెట్లమీద బల్బు మార్చండి. రెండే రెండు పనులు."

"పిచ్చిదానా! భద్రత గొళ్ళెంలో ఉండదే. దొంగ గుండెల్లో ఉంటుంది. వాడు భయపడాలి."

"వాడు భయపడేదాకా ఆ పిల్లలు భయపడాలా?"

ఇలాంటి ప్రశ్న పడగానే చెప్పులేసుకుని బయటికి పోవడం ఆయన అలవాటు. ఆ మంగళవారమూ అలాగే పోయి, పాతసామాన్ల కొట్టునుంచి నాలుగు వస్తువులు మోసుకొచ్చాడు. 'కుక్క ఉంది జాగ్రత్త' అన్న బోర్డొకటి, లావుపాటి గొలుసొకటి, పసిపిల్లకి నీళ్ళు పోసేంత గిన్నొకటి. నాలుగోది పన్నెండో నంబరు మగబూట్ల జత. ఒక్కో బూటులో ఒక్కో పిల్లి కాపురం పెట్టొచ్చు.

"కుక్కేదండీ?" అంది ఇల్లాలు.

"బోర్డే కుక్క."

"ఈ బూట్ల మనిషేడీ?"

"బూట్లే మనిషి. మేడమెట్లమీద పెడతాను. చూసినవాడు పైన ఏడడుగుల వస్తాదున్నాడని గుండాగి చస్తాడు."

"అయితే మీరు మాత్రం దేనికి? మీ కళ్ళజోడు కుర్చీలో పెట్టి వెళ్ళండి. మగదిక్కున్నట్టే ఉంటుంది."

శుక్రవారం ఆఫీసరమ్మ వచ్చింది. చంకలో రిజిస్టరు, ముక్కు చివర కళ్ళజోడు. తాళాలాయన కొత్తల్లుడికి ఇల్లు చూపించినట్టు ముందు నడిచాడు. మేడమెట్లు సగం ఎక్కి ఆవిడ ఆగిపోయింది.

"ఈ బూట్లెవరివి?"

"మా మేనల్లుడివండీ! పోలీసు. పైనే ఉంటాడు." ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"ఆడపిల్లలుండే మేడమీద మగమనిషా? నమోదు చేశారా?"

లా పిల్ల గుమ్మంలోంచి వినయంగా అందించింది. "ఏడో నిబంధన మేడమ్. చెయ్యకపోతే జాబితాలోంచి ఇల్లు కొట్టేస్తారు."

ఆఫీసరమ్మ కలం మూత తీసింది. తాళాలాయన కలానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "అబ్బే, మేనల్లుడు లేడండీ. ఉన్నట్టు... అనుకోవడానికి."

"మరి బూట్లు?"

"నావే."

"తొడుక్కోండి, చూద్దాం."

తొడుక్కున్నాడు. పాదాలు రెండు పడవల్లో చెరొక బఠాణీలా దొర్లాయి. ఆవిడ నవ్వకుండా రిజిస్టర్లో ఏదో రాసుకుంది.

ఇంతలో కిందనుంచి డ్ర్ర్‌ర్‌మని చప్పుడొచ్చింది. మునిగేవాడికి కొమ్మ దొరికినట్టయింది ఆయనకి. "విన్నారా? మా టైగరు! కొత్తవాళ్ళొస్తే ఊరుకోదు."

"మంచిది. దానికి టీకాలేయించిన కాగితం చూపించండి."

"అదీ... టైగరు కూడా..."

"అనుకోవడానికేనా?"

"అవునండీ."

"మనిషి లేడు. కుక్క లేదు. ఇంకేముంది సార్ మీ ఇంట్లో, ఈ పిల్లల్ని కాపాడ్డానికి?"

తాళాలాయన తలెత్తి చూశాడు. పైమెట్టుమీద మొక్కల పిల్ల అదే కుండీ పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల మొహం చూశాక ఆయన అబద్ధాలన్నీ అయిపోయాయి. "గొళ్ళెం... వేద్దామనుకుంటున్నానండీ. ఆరేళ్ళుగా."

"ముందు గేటు బయట ఆ బోర్డు పీకండి. లేని కుక్కని మా జాబితాలో ఎక్కించలేం."

బూట్లు జారిపోకుండా కాళ్ళే చూసుకుంటూ, టపటపా ఈడ్చుకుంటూ గేటు బయటికి పోయాడు. వెనక గేటు మూసుకుంది. టక్కుమని ఏదో పడింది. ముప్ఫై ఏళ్ళు విన్న చప్పుడే అయినా సొంతింట్లో విని ఎరగడు కదా, పోల్చుకోలేకపోయాడు. బోర్డు పీకి, రెండు చేతుల్తో పట్టుకుని, అలవాటు కొద్దీ మోకాలితో తోశాడు.

గేటు కదల్లేదు. గట్టిగా తోశాడు. మోకాలి చిప్ప కదిలింది.

సందులోంచి చూస్తే లోపల ధగధగా మెరిసే కొత్త గొళ్ళెం! పక్కన కరెంటు పిల్ల చేతిలో డ్రిల్లు ఉంది. అదీ టైగరు! మెట్లమీద అప్పటికే బల్బు వెలుగుతోంది. ఆఫీసరమ్మ దిగొచ్చి గొళ్ళెం రెండుసార్లు వేసి తీసి మళ్ళీ వేసి చూసింది.

"మంగళవారం ఫోన్లో నేను చెప్పిన రకమే తెచ్చారే!" అంది ఇల్లాలితో. "పిల్లలు ఉండొచ్చు. భద్రతకి బాధ్యులన్న చోట మీ పేరే రాస్తున్నాను."

అంటే మంగళవారమే మాట్లాడుకున్నారన్నమాట! ఆయన బూట్ల బేరంలో ఉన్నప్పుడే!

"ఏమేవ్! గేటు తియ్యి!"

"ఎవరూ?" అంది ఇల్లాలు లోపల్నుంచి.

"నేనేనే!"

"నేనంటే ఎవరో మాకేం తెలుస్తుంది? ఒంటరి ఆడవాళ్ళం. ఉండండి, మేడమీద మా పోలీసు మేనల్లుణ్ణి అడిగొస్తాను."

ముగ్గురు పిల్లలూ కిసుక్కున నవ్వారు. తాళాలాయన బోర్డు చంకలో పెట్టుకున్నాడు, బూట్లు విప్పి పక్కన పెట్టాడు, ఆరేళ్ళలో మొదటిసారి తన గేటుని చేత్తో, మర్యాదగా తట్టాడు.